ఒంటిగంట కూత

రంగవలస మునిసిపాలిటీ మేడ మీద సైరన్ రోజుకు నాలుగుసార్లు కూస్తుంది. తెల్లవారి ఐదింటికి, ఉదయం తొమ్మిదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఐదింటికి. ఊళ్లో దాన్ని సైరన్ అని ఎవరూ అనరు. కూత అంటారు. ఆ కూత కూయించే మనిషి బమ్మిడి గవరయ్య. ఇరవై మూడేళ్లుగా ఆయన పని అదే. ముప్పై ఆరు మెట్లెక్కడం, గోడ గడియారం చూడడం, ఇనుప పిడి కిందికి లాగడం, అరవై లెక్కపెట్టి వదలడం, రిజిస్టరులో రాయడం, దిగడం.

రిజిస్టరులో రాసే వాక్యం ఒక్కటే. తనకు ముందున్న ఆపరేటర్ రాసింది చూసి నేర్చుకున్నాడు. ఇంగ్లీషు వాక్యమే. చదివితే ఇలా వినబడుతుంది: "సైరన్ డైలీ డైలీ ఫోర్ టైమ్స్ బ్లోయింగ్." కింద సంతకం. ఇరవై మూడేళ్లలో పదకొండు రిజిస్టర్లు నిండాయి. ఎవరూ చదవలేదు. చదవనంతకాలం ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

గవరయ్య ఇంకా దినకూలీ లెక్కలోనే ఉన్నాడు. ఆయన్ను పర్మినెంటు చేయమనే ఫైలు ఏడేళ్లు నడిచి, చివరికి మే నెలలో కమిషనర్ బల్ల మీదికి చేరింది. గవరయ్య రిటైరు కావలసిన వయసుకు ఇంకా రెండేళ్లుంది. ఈసారి కాకపోతే ఇక కాదని ఆయనకూ తెలుసు, ఫైలు మోసే జవానుకూ తెలుసు.

సరిగ్గా అప్పుడే ప్రాంతీయ సంచాలకుడు తనిఖీకి వచ్చాడు. మేడ మీద గాలి బాగుందని పైకెక్కి, చేతికందిన రిజిస్టరు తెరిచి, ఆ వాక్యం పైకి చదివాడు.

"డైలీ డైలీ అంటే రోజుకు రెండు రోజులా, కమిషనర్ గారూ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కమిషనర్ ఇందుశేఖర్ కూడా నవ్వాడు. ఆయన ఆ ఊరు వచ్చి రెండు నెలలే అయింది. సంచాలకుడి కారు ఊరు దాటేదాకా ఆ నవ్వు ఆయన ముఖం మీద అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని దించి, మేనేజరును పిలిచి, సర్క్యులర్ రాయించాడు. విషయం: "పునరావృతమగు క్రియలను నిత్యవ్యవహార ఆంగ్ల పదబంధములతో దోషరహితముగా వ్యక్తీకరించుటకై సంస్థాగత సామర్థ్యము పెంపొందించుట గురించి."

మరుసటి సోమవారం కౌన్సిల్ హాల్లో శిక్షణ. చెప్పడానికి రోజ్‌లిన్ మేడం వచ్చింది. ఆమె కాన్వెంటులో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. బోర్డు మీద పన్నెండు మాటలు రాసింది. రోజూ జరిగే పనికి ఎవ్రీ డే. రోజు విడిచి రోజు జరిగేదానికి ఎవ్రీ అదర్ డే. అప్పుడప్పుడు జరిగేదానికి నౌ అండ్ దెన్. ఏళ్లకొకసారి ఎప్పుడో జరిగేదానికి వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్.

"ముందు పని ఎన్నిసార్లు చేస్తున్నారో చూసుకోండి. దానికి తగిన మాట రాయండి. అంతకన్నా ఇందులో ఏమీ లేదు" అంది.

గవరయ్య లేచాడు. "నాను రోజూ కూయిత్తానమ్మా."

"అయితే ఎవ్రీ డే అని రాయండి. డైలీ డైలీ వద్దు. అది మారిస్తే చాలు."

పాఠం అక్కడితో అయిపోయేదే. ముందు వరసలో కూర్చున్న కమిషనర్ కలం పైకెత్తాడు.

"మేడం, నౌ అండ్ దెన్ అంటే నెలకు ఎన్నిసార్లు?"

"అలా లెక్కుండదు సార్. అప్పుడప్పుడు, అంతే."

"లెక్క లేనిది రికార్డులోకి ఎలా వస్తుంది? రేపు ఆడిట్ వాళ్లు ఎన్నిసార్లని అడిగితే అప్పుడప్పుడు అని చెప్పాలా?"

"ఇంగ్లీషువాళ్లు అలాగే చెప్పుకుంటారు సార్."

"వాళ్లకు ఆడిట్ లేదు కాబోలు" అని కమిషనర్ రాసుకున్నాడు. రోజ్‌లిన్ మేడంను రెండో క్లాసుకు పిలవలేదు.

మాటలకు లెక్క కట్టే పని కౌన్సిల్ చేతికి వచ్చింది. తీర్మానం నంబరు నూట పద్నాలుగు. నెలకు ముప్పై రోజుల చొప్పున ఎవ్రీ డే అంటే ముప్పై. మోర్ ఆఫ్టెన్ దాన్ నాట్, అంటే సగానికి మించి, పద్దెనిమిది. ఎవ్రీ అదర్ డే పదిహేను. వీటి మీద గొడవ జరగలేదు. నౌ అండ్ దెన్ దగ్గర పాలకపక్షం ఐదు అంది, ప్రతిపక్షం మూడు అంది. ఒక వాకౌట్ తర్వాత నాలుగుకు ఒప్పుకున్నారు. బ్లూ మూన్ మీద ఉపసంఘం వేశారు. ఉపసంఘం పంచాంగకర్తను సంప్రదించి, రెండేళ్ల ఎనిమిది నెలలకు ఒకసారి అని తేల్చింది. నెలవారీ లెక్కలో అది సున్నా.

తీర్మానం చివర మూడు షరతులు చేర్చారు. ఒక రిజిస్టరులో ఒక మాట ఒక్క పనికే వాడాలి. పదేపదే వాడితే భాషా దారిద్ర్యమట. రెండోది, ఒక పనికి ఒక నెల వాడిన మాట మరుసటి నెల వాడకూడదు. మూడోది మేనేజరు లింగరాజు పట్నాయక్ స్వయంగా రాశాడు. ఆ ఆఫీసులో ముప్పై ఒక్కేళ్ల సర్వీసు ఆయనది. ఆ షరతు ఇది: రిజిస్టరులో ప్రతి నెలా రాయవలసిన మాటలు ఒకటో తారీఖునే భాషా విభాగం రాసి, ధ్రువీకరించి ఇస్తుంది. రిజిస్టరులో కొట్టివేతలు, దిద్దుబాట్లు చెల్లవు. కాబట్టి రాతకూ పనికీ తేడా వచ్చినచో, సరిదిద్దవలసినది పనిని.

జూలై ఒకటిన లింగరాజు గవరయ్యను పిలిచాడు. బల్ల మీద కొత్త రిజిస్టరు ఉంది.

"నీకు నాలుగు కూతలు. నాలుగు మాటలు కావాలి. ఎవ్రీ డే ఒక్కటే ఉంది. దేనికి ఇమ్మంటావు?"

"నాలుగూ రోజూవే గదా బాబూ."

"నాలుగూ రోజూవే. మాట ఒక్కటే. మొన్న తీర్మానం చదివినప్పుడు అందరితోపాటు నువ్వూ విన్నావు కదా."

గవరయ్య ఆలోచించాడు. "అయితే ఒంటిగంటకి ఇచ్చీండి. మా ఆడోళ్లు జీడి ఫ్యాక్టరీలో ఆ కూతకే అన్నం తింతారు."

"ఇవ్వొచ్చు. కానీ కమిషనర్ గారు నడకకు లేచేది ఐదింటి కూతకు."

 ఎవ్రీ డే తెల్లవారి ఐదింటి కూతకు పోయింది. తర్వాత దానికి నెలనెలా మార్పు నుంచి మినహాయింపు కూడా వచ్చింది. తొమ్మిదింటి కూతకు పద్దెనిమిది రోజులు, సాయంత్రం కూతకు నాలుగు. ఒంటిగంట కూతకు రోజు విడిచి రోజు.

"ఇది సక్రమంగా చెయ్యి" అన్నాడు లింగరాజు, గొంతు తగ్గించి. "నీ ఫైలు మీద కమిషనర్ గారు ఏం రాశారో చెప్పనా? మూడు నెలలు రాతకూ పనికీ తేడా లేకుండా నడిపితే పర్మినెంటు. జీరో వేరియెన్స్ అన్నారు. ఒక్క కూత ఎక్కువైనా, ఒక్క కూత తక్కువైనా ఫైలు వెనక్కి. మూడు నెలలు, గవరయ్యా. ఇరవై మూడేళ్లు చేసినవాడివి."

గవరయ్య తల ఊపి రిజిస్టరు అందుకున్నాడు. మెట్లెక్కుతుంటే ఆయన లెక్క తప్పింది. ఎప్పుడూ ముప్పై ఆరు వచ్చేది, ఆ రోజు ముప్పై నాలుగు వచ్చింది.

జీడి ఫ్యాక్టరీ సంగతి చెప్పాలి. అక్కడ నలభై మంది ఆడవాళ్లు పప్పు ఒలుస్తారు. పదహారేళ్ల కిందట భోజనం బెల్లు లోపలి గడియారం ప్రకారం కొట్టేవాళ్లు. ఆ గడియారం పొద్దున బాగానే నడిచేది. పన్నెండు దాటాక మేస్త్రీ చెయ్యి తగిలి నెమ్మదించేది. తొమ్మిది రోజులు పని మానేసి కూర్చుంటే యజమాని దిగొచ్చి కాగితం రాశాడు: "భోజన విరామము మునిసిపల్ సైరను ప్రకారము." ఆ కాగితం మీద రెండో సంతకం గవరయ్య భార్య దాలమ్మది. కూత కూయించేవాడి పెళ్లానివి, నీకోసం ముందే కూయిస్తాడేమో అని యజమాని అనుమానపడ్డాడు. "ఆయన నా మాట ఇంట్లోనే వినడు బాబూ, మేడెక్కి వింతాడేటి" అని దాలమ్మ చెప్పింది. కాగితం మీద అందరూ సంతకాలు పెట్టారు. దాన్ని కార్మికశాఖలో నమోదు కూడా చేయించారు, మళ్లీ ఎవరూ మార్చకుండా.

జూలై రెండున ఒంటిగంటకు కూత లేదు. సాయంత్రం దాలమ్మ ఇంటికొచ్చి క్యారేజీ గిన్నె మూత తీయకుండా గవరయ్య ముందు పెట్టింది.

"కూత సెడిపోనాదా?"

"నేదు."

"నీకు ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఈరోజు దానికి సెలవు. ఇంగ్లీసులో అలగ రాసీసినారు."

దాలమ్మ గిన్నె వైపు చూసింది. అన్నం పుల్లవాసన వేస్తోంది. "మేము తెలుగులో ఆకలేసి కూకున్నాం మరి. మేస్త్రీని అడిగితే, కూత ఇనబడినాదా అన్నాడు. ఇనబడనేదు అన్నాం. అయితే ఇంకా ఒంటిగంట అవనేదు, ఒలవండి అన్నాడు. మూడున్నరకి సూరీడు గుమ్మం దాటి లోపలికొచ్చినాడు. మేస్త్రీకి మాత్రం పన్నెండే."

"మూడు నెల్లు ఓపిక పట్టు, దాలమ్మా. పర్మినెంటు అవుతాది."

"నీకా, మా ఆకలికా?"

గవరయ్య చల్ది గిన్నె తీసుకెళ్లి గేదెకు పెట్టాడు.

ఊళ్లో మిగతా పనులూ మాటల ప్రకారం నడవసాగాయి. దోమల మందు విభాగానికి అగైన్ అండ్ అగైన్ వచ్చింది. మళ్లీమళ్లీ అని అర్థం. తీర్మానంలో దానికి పూటకు పద్నాలుగు అని ఉంది. కోమట్ల వీధిలో ఒక్క ఉదయం పద్నాలుగుసార్లు పొగ పెట్టారు. దోమలతోపాటు వీధి వాళ్లు కూడా బంధువుల ఇళ్లకు వెళ్లిపోయారు. వీధి దీపాలకు ఆఫ్ అండ్ ఆన్ వచ్చింది. ఉండీ ఉండీ జరిగే పనికి వాడే మాట అది. ఎలక్ట్రీషియన్ దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని ఒక చెయ్యి స్విచ్చి మీదే ఉంచాడు. చెత్త బండికి వన్స్ ఇన్ ఎ వైల్ వచ్చింది. ఎప్పుడైనా ఒకసారి అని. ఆ ఒక్కదాంట్లో ఊరికి తేడా తెలియలేదు. జూలై ముప్పై ఒకటిన మునిసిపాలిటీలో ఎవరూ ఏ పనీ చేయలేదు. తీర్మానంలో నెలకు ముప్పై రోజులే ఉన్నాయి.

కమిషనర్ గది గోడకు ఒక పట్టిక వెలిసింది. విభాగాల పేర్లు ఒకవైపు, తేడా ఎంత అన్నది ఒకవైపు. సైరన్ ఎదురుగా సున్నా. గవరయ్య పనిమీద వెళ్లినప్పుడల్లా ఆ సున్నాను చూసి వచ్చేవాడు.

నెలాఖరుకు ఫ్యాక్టరీ ఆడవాళ్లు అర్జీ పెట్టారు. "అయ్యా, కూత లేక రోజూ ఆకలితో పని చేస్తున్నాము" అని. వారానికి జవాబు వచ్చింది. లింగరాజు సంతకం: "ఆకలి పునరావృత క్రియ అగును. జూలై నెలలో సైరను లేని దినములు పదిహేను మాత్రమే. కావున 'రోజూ' అనుట వాస్తవ విరుద్ధము. సరియగు పదబంధముతో మరల సమర్పించవలెను."

దాలమ్మ ఆ కాగితం పట్టుకుని రోజ్‌లిన్ మేడం ఇంటికి వెళ్లింది. మేడం జవాబును రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, అర్జీలో రోజూ అన్న చోట ఎవ్రీ అదర్ డే అని రాసి ఇచ్చింది.

ఈలోగా ఆగస్టు వచ్చింది. ఒంటిగంట కూతకు మాట మారింది. ఇప్పుడు నౌ అండ్ దెన్. నెలకు నాలుగు రోజులు. రెండో అర్జీ కూడా తిరిగొచ్చింది. "ప్రస్తుతము సైరను లేని దినములు ఇరువది ఆరు. ఎవ్రీ అదర్ డే అనుట ఆకలిని తగ్గించి చూపుటయే." మూడోసారి మోర్ ఆఫ్టెన్ దాన్ నాట్ అని రాసి పెట్టారు. దానికి తీర్మానంలో విలువ పద్దెనిమిది. ఆఫీసు జవాబు: "ఇరువది ఆరు సంఖ్యకు తీర్మానములో పదబంధము లేనందున, సదరు ఆకలి ప్రస్తుతమునకు వ్యక్తపరచుటకు వీలుకానిది. భాషను మెరుగుపరచుకొనుటలో అర్జీదారులు చూపిన శ్రద్ధ అభినందనీయము."

"మెచ్చుకున్నారంట" అంది దాలమ్మ, కాగితాన్ని గవరయ్య ముందు పడేసి. "మీ ఆఫీసోళ్లు మమ్మల్ని మెచ్చుకోవడం ఇదే మొదలు."

"గడియారం పెట్టించమని ఓనర్ని అడగండే మరి."

"అడిగినాం. సంతోషంగా పెట్టిత్తానన్నాడు. పాత గడియారం ఇంకా ఉందంట."

 ఆ నెలలో గవరయ్య ఒకటి రెండుసార్లు ఒంటిగంట ముందు పిడి పట్టుకుని నిలబడ్డాడు. పిడి ఎండకు వేడెక్కి ఉంది. గడియారం ముల్లు దాటేదాకా పట్టుకుని, వదిలేసి, రిజిస్టరులో సంతకం పెట్టి దిగాడు. కూయించని రోజు కూడా సంతకం పెట్టాలి. కూయించలేదని ధ్రువీకరించేది ఆయనే.

సెప్టెంబరు ఒకటిన కమిషనర్ స్వయంగా మాటలు పంచాడు.

"లింగరాజు గారూ, మనం బ్లూ మూన్ ఇంతవరకు ఎక్కడా వినియోగించలేదు. అంత అందమైన పదబంధం నిరుపయోగంగా పడి ఉండడం సంస్థాగత వైఫల్యం."

"అన్ని విభాగాలకూ ఏదో ఒకటి వచ్చేసింది సార్. ఒంటిగంట సైరన్ మిగిలింది."

"దానికివ్వండి."

ఆ నెల ఒంటిగంటకు కూత సున్నా. పదమూడో రోజున ఫ్యాక్టరీలో పోలమ్మ అనే ముసలామె పప్పు ఒలుస్తూ ఒలుస్తూ పళ్లెం మీదికి ఒరిగిపోయింది. ముఖం మీద నీళ్లు చల్లి లేపారు. ఆమె కళ్లు తెరిచి ముందు అడిగిన మాట, "కూసినాదా?" అని. దాలమ్మ ఇంటికొచ్చి ఈ సంగతి గవరయ్యకు చెప్పింది. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే ఆయనకు జవాబు తోచేది.

సెప్టెంబరు ముప్పై. మూడు నెలలు ఆ రోజుతో పూర్తి. ప్రాంతీయ సంచాలకుడు మళ్లీ వచ్చాడు. ఈసారి కమిషనర్ పిలిచాడు. పట్టిక చూపించాడు, తీర్మానాల పుస్తకం చూపించాడు. మధ్యాహ్నం పావు తక్కువ ఒంటిగంటకు అందరూ మేడెక్కారు. గవరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పిడి పక్కన నిలబడి ఉన్నాడు. లింగరాజు చంకలో ఫైలు ఉంది. సంతకం పెట్టవలసిన చోట పసుపు చీటీ అంటించి తెచ్చాడు.

సంచాలకుడు రిజిస్టరు తెరిచి చదివాడు. "ది వన్ ఓ క్లాక్ సైరన్ ఈజ్ సౌండెడ్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్." కళ్లజోడు సవరించుకున్నాడు. "చాలా బాగుంది. డైలీ డైలీ నుంచి ఇక్కడికి వచ్చారంటే సామాన్యం కాదు. వాస్తవంగా కూడా అంతేనా?"

"వాస్తవాన్ని పూర్తిగా అనుసంధానం చేశాం సార్" అన్నాడు కమిషనర్. "ఇప్పుడు ఒంటిగంట అవుతుంది. మీ సమక్షంలో సైరన్ కూయదు. మీరే వినవచ్చు."

అందరూ వినడానికి సిద్ధపడి నిలబడ్డారు. అప్పుడు కింద అలికిడైంది. గవరయ్య పిట్టగోడ మీంచి చూశాడు. ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఆవరణలోకి వస్తున్నారు. నలభై మందీ. కూత లేకుండా బయటికొస్తే ఆ పూట పని లెక్కలోకి రాదని మేస్త్రీ చెప్పే ఉంటాడు. అయినా వచ్చారు. జెండా దిమ్మ చుట్టూ వరసగా కూర్చున్నారు. ఎవరి ముందు వాళ్లు క్యారేజీ గిన్నెలు పెట్టుకున్నారు. ఒక్కరూ మూత తీయలేదు. నినాదాలు లేవు. తలలెత్తి మేడ వైపు చూస్తున్నారు. పోలమ్మ మొదటి వరసలో ఉంది. పక్కన దాలమ్మ.

"ఎవరు వీళ్లు?" అన్నాడు సంచాలకుడు.

"ప్రజాభాగస్వామ్యం సార్" అన్నాడు కమిషనర్.

గడియారంలో ఒంటిగంట అయింది. గవరయ్య పిడి లాగాడు.

అరవై దాకా లెక్కపెట్టాడు. జూలైలో తప్పిన మెట్ల లెక్కలా కాక, ఇది సరిగ్గా అరవై వచ్చింది. వదిలాడు. కింద నలభై గిన్నెల మూతలు ఒకేసారి లేచిన చప్పుడు మేడ మీదికి వినబడింది.

కమిషనర్ ముఖం పాలిపోయి రిజిస్టరు కాగితం రంగుకు మారింది. "గవరయ్యా, ఏం చేశావయ్యా. మూడు నెలల జీరో వేరియెన్స్."

సంచాలకుడు గడియారం చూశాడు, రిజిస్టరు చూశాడు. "బ్లూ మూన్ ఇవాళేనా?"

 లింగరాజు గవరయ్య మోచెయ్యి పట్టుకుని నీళ్ల ట్యాంకు పక్కకు తీసుకెళ్లాడు. ఆయన దగ్గర రెండు తెల్ల కాగితాలు ఎప్పుడూ ఉంటాయి.

"విను. రెండు దారులున్నాయి. మొదటిది, పిడి దానంతట అదే జారింది అని రాసివ్వు. యాంత్రిక లోపం. నీ తప్పు లేదు, తేడా లేదు. ఫైలు మీద ఇప్పుడే సంతకం పెట్టిస్తాను. కమిషనర్ గారి కలం మూత తీసే ఉంది."

"రేపు ఒంటిగంటకి?"

"లోపమున్న పిడి కదా. ఒంటిగంట వేళ తాళం వేసి సీలు వేస్తారు. ఎలాగూ అక్టోబరుకు దానికి హార్డ్లీ ఎవర్ వచ్చింది. అంటే దాదాపు ఎన్నడూ కాదని."

"రెండోది?"

లింగరాజు ట్యాంకుకు ఆనుకున్నాడు. "ఒక్కసారి జరిగినది పునరావృత క్రియ కాదు. రిజిస్టరు పునరావృత క్రియలకు మాత్రమే. కాబట్టి ఈ కూత రిజిస్టరులోకి రాదు. తేడా లేనట్టే. అయితే ఒక్కసారి పని చేసిన మనిషి ఆపరేటరు కాడు. ఆ పనికి ఆ పూటకు పెట్టుకున్న కూలీ. అలా అని సంతకం పెట్టావంటే నీ ఫైలు పోతుంది. ఒక్కసారి పనికొచ్చిన కూలీని పర్మినెంటు చేసే రూలు ఎక్కడా లేదు. ఒకే మనిషి ఆపరేటరూ, కూలీ రెండూ కాలేడు. నాలుగు కూతలకూ నువ్వు కూలీవే అవుతావు."

గవరయ్య కాసేపు ఆ కాగితం చూశాడు. "ఇది రేపు కూడా ఇత్తారా?"

"ఏది?"

"ఒక్కసారి కాయితం."

ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో లింగరాజు ఇలాంటి ప్రశ్న వినలేదు. ఆకాశం వైపు చూసి ఆలోచించాడు. "ఇవాళ ఒక్కసారి, రేపు ఒక్కసారి. తారీఖులు వేరు. దరఖాస్తులు వేరు. అడ్డం వచ్చే నిబంధన నాకు తెలిసి లేదు."

"తొమ్మిదింటికీ, సాయంత్రానికీ?"

"అవి కూడా ఒక్కొక్కసారి."

"అయితే అదే ఇచ్చీండి."

"ఫైలు, గవరయ్యా. ఏడేళ్లు నడిచింది."

గవరయ్య పిట్టగోడ వైపు చూశాడు. కింద పోలమ్మ ముద్ద కలుపుతోంది. దాలమ్మ ఆమె గిన్నెలోకి ఏదో వడ్డిస్తోంది. "ఏడేళ్లు నడిసినాది గదా బాబూ. కూకోనీండి దాన్ని కాసేపు" అన్నాడు. కాగితం గోడకు ఆనించి సంతకం పెట్టాడు.

సంచాలకుడికి లింగరాజు వివరణ నచ్చింది. సున్నా సున్నాగానే ఉండిపోయింది. రంగవలస మునిసిపాలిటీకి ఆ ఏడాది ప్రాంతీయ ప్రశంసాపత్రం వచ్చింది. గవరయ్య ఫైలు మీద ఒక వాక్యం వచ్చింది: "అర్జీదారు ఒక్కసారి పనికి నియోగింపబడిన కూలీ అయినందున ప్రతిపాదన త్రోసిపుచ్చడమైనది." ఫైలు బీరువాలోకి వెళ్లింది.

ఆ సాయంత్రం దాలమ్మ కడిగిన గిన్నె బోర్లించి అడిగింది. "ఏటన్నారు?"

"అవనేదు."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇంక అవదా?"

"అవదు."

 దాలమ్మ ఆయన కంచంలో రెండు చేప ముక్కలు వేసింది. రోజూ ఒకటే వేస్తుంది.

అక్టోబరు ఒకటి నుంచి ఊళ్లో కూత నాలుగుసార్లూ కూస్తోంది. ప్రతి కూతకూ ముందు గవరయ్య కింద మేనేజరు బల్ల దగ్గర ఒక దరఖాస్తు ఇస్తాడు. తెల్లవారి ఐదింటిది ముందురోజు సాయంత్రమే ఇస్తాడు. లింగరాజు చదివి, ఎర్ర సిరాతో ఉత్తర్వు రాస్తాడు: "ప్రత్యేక సందర్భముగా పరిగణించి, ఒక్కసారికి మాత్రమే అనుమతించడమైనది. దీనిని ముందుముందు ఉదాహరణగా చూపరాదు." గవరయ్య మెట్లెక్కి పిడి లాగుతాడు. సంక్రాంతి పోయేసరికి ఆ ఉత్తర్వుల కట్ట నాలుగు వందలు దాటింది. ఒక్కదాన్నీ ఇంకొకదానికి ఉదాహరణగా ఎవరూ చూపలేదు. కమిషనర్ ఇందుశేఖర్‌కు ప్రమోషన్ మీద బదిలీ అయింది. కొత్త కమిషనర్‌కు కట్ట చూపిస్తే, రంగవలసలో అరుదుగా జరిగే సంఘటనలు ఎక్కువే అని ఆయన అన్నాడు.

చేత్తో రాసి రాసి లింగరాజుకు వేలు కాయ కాసింది. ఫారం అచ్చు వేయించమని గవరయ్యను మార్కెట్ వీధి ప్రెస్సుకు పంపాడు. ప్రెస్సు నడిపే కామేశం నమూనా చదివాడు. మళ్లీ చదివాడు.

"ఒక్కసారికి మాత్రమే అని ఉంది కదయ్యా."

"అవును."

"ఎన్ని కాపీలు?"

"వెయ్యి ఏయండి" అన్నాడు గవరయ్య. "రోజుకి నాలుగు లెక్కన రెండొందల యాభై రోజులొత్తాయి. అయిపోతే మళ్లీ వత్తాను." గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. ఆయన చేతిలో ఆ పూట ఉత్తర్వు ఉంది, ఎర్ర సిరా ఇంకా ఆరలేదు. దాన్ని మడవకుండా పట్టుకుని మునిసిపాలిటీ వైపు నడిచాడు.